ఆటగాడి కాంట్రాక్టు, మన కౌలు: బేస్‌బాల్ మీద నా అభిప్రాయం



కోతలు అయిపోయాయి, ధాన్యం తోలేశాం, కోతకి ముందు చల్లిన మినుము మొలిచి రెండాకుల మీద ఉంది. కాస్త తీరిక దొరికింది గనక నెల రోజులుగా వాయిదా వేస్తున్న పోస్టు ఇవాళ రాస్తున్నాను. ఎప్పట్లాగే పెద్దది. ఓపిక ఉన్నవాళ్లు చదవండి, లేనివాళ్లు సాయంత్రం అరుగు మీద కూర్చున్నప్పుడు చదవండి.

"బాబాయ్, వరి గురించి రాస్తావనుకుంటే మళ్లీ ఆ అమెరికా గిల్లీదండా మొదలెట్టావా" అని కొందరు నవ్వుతారు. నవ్వండి. 2023లో అమ్మాయి పురుడికి మేం ఇద్దరం డాలస్ వెళ్లినప్పుడు నేనూ అలాగే నవ్వాను. అక్కడ నాకు పనేముంది? పిల్లాణ్ణి వాళ్ల అమ్మమ్మ చూసుకుంటుంది, పొలం లేదు, గేదె లేదు. సాయంత్రం అల్లుడుగారు ఆఫీసు పని ముగించుకుని టీవీ పెట్టేవాడు. "మావయ్యగారూ, ఇది క్రికెట్‌కి పెదనాన్న కొడుకు లాంటిది, రెండు రోజులు చూడండి, మూడో రోజు మీరే పెట్టమంటారు" అన్నాడు. అన్నంత పనీ అయింది. సెప్టెంబరులో ఒకసారి ఆర్లింగ్టన్‌లో స్టేడియానికి కూడా తీసికెళ్లాడు. పైకప్పు మూసుకునే స్టేడియం. బయట మన రోహిణి కార్తెలా ఎండ, లోపల ఏసీ. మన ధాన్యానికి అలాంటి కప్పు ఒకటి ఉంటే ఎంత బాగుండు అనుకున్నాను, అది వేరే సంగతి.

ఆ ఏడాది అక్కడి జట్టు టెక్సాస్ రేంజర్స్ కప్పు గెలిచింది. ఆ జట్టు టెక్సాస్‌కి వచ్చింది 1972లో. అప్పట్నుంచీ ఒక్కసారి కూడా గెలవలేదు. 2011లో అయితే ఇంకొక్క బంతి సరిగ్గా పడితే కప్పు వాళ్లదే అన్నంత దగ్గరికి, ఒకే మ్యాచ్‌లో రెండుసార్లు వచ్చి పోగొట్టుకున్నారు. 2021లో 162 మ్యాచ్‌లాడి 102 ఓడిపోయారు. అలాంటి జట్టు రెండేళ్లలో కప్పు ఎత్తుతుంటే పక్కన కూర్చుని చూసినవాణ్ణి, ఇక ఆ పిచ్చి వదుల్తుందా?

ఇప్పుడు ఊళ్లోనే ఫోన్‌లో చూస్తాను. వాళ్ల రాత్రి మ్యాచ్ మనకి తెల్లవారుజామున ఐదున్నరకి మొదలవుతుంది. పాలు పిండే టైముకి మొదటి ఇన్నింగ్స్, టీ తాగే టైముకి నాలుగోది.

2025 అక్టోబరు 28 మీ అందరికీ గుర్తుండే రోజు. మొంథా తుపాను ఆ రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది. ఆ రోజు పొద్దున నాకు చేసే పనేమీ లేదు. చేను గింజ పాలు పోసుకునే దశలో ఉంది. కొయ్యలేం, దాచలేం. బోదెలు కొట్టి నీళ్లు పోయే దారి చేసి ఇంటికొచ్చి కూర్చున్నాను. బయట వాన, చేతిలో ఫోన్. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌కీ టొరంటో బ్లూ జేస్‌కీ ఫైనల్లో మూడో మ్యాచ్. మామూలుగా తొమ్మిది ఇన్నింగ్స్ ఆట. సమానంగా ఉంటే ఎవరో ఒకరు గెలిచేదాకా ఆడతారు. ఆ రోజు 18 ఇన్నింగ్స్ పట్టింది, అంటే ఒక టిక్కెట్టు మీద రెండు మ్యాచ్‌లు. ఆరున్నర గంటలు దాటింది. మనకి మధ్యాహ్నం పన్నెండు దాటాక ఫ్రెడీ ఫ్రీమన్ హోమ్ రన్ కొడితే డాడ్జర్స్ 6–5తో గెలిచారు. ఆ పద్దెనిమిది ఇన్నింగ్స్‌లో నాకు బాగా నచ్చినవాడు విల్ క్లైన్. పెద్ద కాంట్రాక్టు ఏమీ లేని కుర్రాడు. బౌలర్లందరూ అయిపోయారు, మిగిలింది వాడొక్కడే. వచ్చి నాలుగు ఇన్నింగ్స్ ఒక్క పరుగు ఇవ్వకుండా వేశాడు. నాట్ల రోజున ముఠాలో ఎవరూ రాక చివరికి పక్కింటి కుర్రాణ్ణి బతిమాలి దింపితే, వాడే అందరికంటే తిన్నగా వేసినట్టు.

ఆ రాత్రి గాలికి నా రెండెకరాల కౌలు చేను చాప పరిచినట్టు పడిపోయింది. సొంత చేను మెరక గనక కొంత నిలబడింది. దాని సంగతి కిందికొస్తాను, ముందు ఆట గురించి నా గొడవ చెప్పనివ్వండి.

మొదటిది, ఈ ప్లేఆఫ్స్. ముప్పై జట్లు ఆరు నెలలపాటు దాదాపు రోజూ ఆడతాయి, ఒక్కొక్కటి 162 మ్యాచ్‌లు. అంత కష్టపడి పైకొచ్చిన పన్నెండు జట్లకి అక్టోబరులో మూడు మ్యాచ్‌ల పోటీ, ఐదు మ్యాచ్‌ల పోటీ, ఆ తర్వాత ఏడేసి మ్యాచ్‌ల పోటీలు రెండు. 2023లో ఏమైందో చూడండి. అట్లాంటా 104 గెలిచింది, బాల్టిమోర్ 101, లాస్ ఏంజెలెస్ 100. ఈ మూడింట్లో ఒక్కటి కూడా ఒక్క రౌండు దాటలేదు. 100 గెలిచిన డాడ్జర్స్‌ని 84 మాత్రమే గెలిచిన అరిజోనా వరసగా మూడు మ్యాచ్‌లు కొట్టి ఇంటికి పంపింది. ఫైనల్‌కి వచ్చింది 90 గెలిచిన రేంజర్స్, ఆ 84 గెలిచిన అరిజోనా. 2025లోనూ అంతే. అందరికంటే ఎక్కువగా 97 గెలిచిన మిల్వాకీని డాడ్జర్స్ నాలుగుకి నాలుగూ ఓడించారు.

నేను సంతోషించిన కప్పే అయినా నిజం మాట్లాడుకోవాలి. ఐదు మ్యాచ్‌లతో ఎవరు గొప్పో తేలదు. ఆరు నెలలు ఎరువేసి, కలుపు తీసి, నీళ్లు కాపలా కాసి పెంచిన చేనుని ఒక్క రాత్రి గాలితో తూచినట్టు ఉంటుంది. మా అల్లుడు దీనికి ఒప్పుకోడు. "అందరికీ ముందే తెలిసిన రూలే కదా మావయ్యగారూ, ఆ అయిదు రోజులకి సిద్ధం చేసుకోవడం కూడా ఆటే" అంటాడు. ఆ మాటలో కొంత ఉంది. రేంజర్స్ ఆ అక్టోబరులో బయట ఊళ్లలో ఆడిన 11 మ్యాచ్‌లూ గెలిచారు. పదకొండుకి పదకొండు ఉత్త అదృష్టమంటే నేనూ నమ్మను. నేననేది ఒక్కటే: ఆ ఐదు మ్యాచ్‌లని ఏడు చెయ్యండి. అట్లాంటా లాంటి జట్టు ఆరు నెలల కష్టానికి ఇంకో రెండు రోజుల అవకాశం ఇస్తే కొంప మునగదు. అక్టోబరు చలి, టీవీ వాళ్ల తేదీలు అంటారు. ఏవో సాకులు.

రెండోది మేనేజర్లు. క్రికెట్లో కెప్టెన్ చేసే పనిలో ముప్పాతిక వంతు అక్కడ మేనేజర్ చేస్తాడు. ఎవరు ఏ వరసలో బ్యాట్ పట్టాలి, పిచ్చర్‌ని ఎప్పుడు దించాలి, అన్నీ ఆయనే. పిచ్చర్ అంటే మన బౌలర్. ఒకసారి దించితే మళ్లీ ఆ మ్యాచ్‌లో వాడలేరు, అందుకని ఆ నిర్ణయం పెద్దది. మిగతా పిచ్చర్లు ఎదురుచూసే చోటుని బుల్‌పెన్ అంటారు, గిత్తల దొడ్డి అన్నమాట. పేరు వినగానే నాకు ఆట మీద ఇంకాస్త ప్రేమ కలిగింది.

2020 ఫైనల్. కరోనా మూలాన ఆ ఫైనల్ మొత్తం నేను చూసొచ్చిన ఆర్లింగ్టన్ స్టేడియంలోనే పెట్టారు. ఆరో మ్యాచ్. టాంపా బే పిచ్చర్ బ్లేక్ స్నెల్ దడదడలాడిస్తున్నాడు. 73 బంతులు వేసి తొమ్మిది మందిని స్ట్రైక్ ఔట్ చేశాడు, రెండే హిట్లు ఇచ్చాడు. జట్టు 1–0తో ముందుంది. రెండో హిట్ పడగానే మేనేజర్ కెవిన్ క్యాష్ నడుచుకుంటూ వచ్చి బంతి తీసుకున్నాడు. పిచ్చర్ మూడోసారి అదే బ్యాటర్ల వరసని ఎదుర్కొంటే దెబ్బతింటాడని లెక్కలు చెబుతాయిట. తర్వాత వచ్చినవాడి మీద మూకీ బెట్స్ వెంటనే డబుల్ కొట్టాడు, ఆ ఇన్నింగ్స్‌లోనే ఆధిక్యం పోయింది, మ్యాచ్ 3–1తో పోయింది, కప్పూ పోయింది. అల్లుడు ఆ వీడియో నాకు మూడుసార్లు చూపించాడు. మూడుసార్లూ "తియ్యకురా నాయనా" అనే అన్నాను.

అయితే క్యాష్‌ని తిట్టేవాళ్లతో నేను పూర్తిగా కలవను. టాంపా బే డబ్బు లేని జట్టు. అదే లెక్కల్ని నమ్ముకుని ఫైనల్‌దాకా వచ్చింది. నారుమడి నుంచి కోతదాకా ఒక పద్ధతి నమ్మి, చివరి తడి దగ్గర వదిలెయ్యమంటే ఎలా? నా తగాదా లెక్కతో కాదు. లెక్క అనేది వెయ్యి చేల సగటు. ఎదురుగా ఉన్నది ఒక్క చేను. ఫోన్‌కి మెసేజ్ వస్తుంది, ఈ వారం దోమ మందు కొట్టండి అని. మంచిదే. కానీ చేలోకి దిగి దుబ్బు తట్టి చూడకుండా కొట్టేవాడు మందు డబ్బు దండగ చేసుకుంటాడు. క్యాష్ ఆ రోజు దుబ్బు తట్టి చూడలేదని నా అభిప్రాయం.

దానికి ఎదురు బ్రూస్ బోచీ. శాన్ ఫ్రాన్సిస్కోకి 2010, 2012, 2014లో మూడు కప్పులు తెచ్చి 2019లో రిటైరై ఇంటికెళ్లాడు. ఆ 2010 కప్పు రేంజర్స్‌ని ఓడించి తెచ్చిందే. అదే రేంజర్స్ వెళ్లి ఆయన్ని బతిమాలి తెచ్చుకున్నారు. 2023 చివరి మ్యాచ్‌లో నేథన్ ఇవాల్డీ మొదటి ఐదు ఇన్నింగ్స్‌లో ప్రతిసారీ ఇరకాటంలో పడ్డాడు. ఐదుగురికి వాక్‌లు ఇచ్చాడు. బోచీ కదల్లేదు. ఆరు ఇన్నింగ్స్ వేయించాడు, ఒక్క పరుగు పోలేదు. 5–0. అరవయ్యెనిమిదేళ్ల మనిషి, డగౌట్‌లో చేతులు కట్టుకుని, మన ఊళ్లో పాతకాలం పెద్దరైతు గట్టు మీద నిలబడ్డట్టు నిలబడ్డాడు. నేను ఆయన అభిమానినైంది అక్కడ. 2025 సీజను అయ్యాక ఆయన, జట్టు విడిపోయారు. రెండేళ్లు ప్లేఆఫ్స్‌కి రాకపోతే కప్పు ఎవరికి గుర్తు?

డేవ్ రాబర్ట్స్ సంగతి ఇంకా తమాషా. 2018 ఫైనల్లో రిచ్ హిల్ బాగా వేస్తుంటే, 4–0తో ముందున్నప్పుడు తీసేశాడు, 9–6తో ఓడాడు, దేశమంతా తిట్టింది. 2025 నవంబరు 1న ఏడో మ్యాచ్‌లో, ముందురోజే 96 బంతులు వేసిన యమమోటోని మళ్లీ దింపాడు. వాడు ఇంకో 34 బంతులు వేసి 11వ ఇన్నింగ్స్‌లో 5–4తో కప్పు తెచ్చిపెట్టాడు. ఇప్పుడు రాబర్ట్స్ మేధావి. యమమోటో చెయ్యి అక్కడే పట్టేస్తే? మందు కొట్టిన సాయంత్రం వాన పడితే తెలివితక్కువవాడు, పడకపోతే తెలివైనవాడు. మనల్నీ ఇలాగే కదా ఊరు లెక్కగడుతుంది. (ఇంకో సంగతి, ఆ ఏడో మ్యాచ్‌లో డాడ్జర్స్ తరఫున బ్లేక్ స్నెల్ కూడా బంతి వేశాడు. ఐదేళ్లకి వాడి దగ్గరికి కప్పు వచ్చింది.)

ఇక అసలు సంగతి, కాంట్రాక్టులు. దీని గురించే ఈ పోస్టు.

షోహెయ్ ఒతాని పదేళ్లకి 70 కోట్ల డాలర్లకి సంతకం పెట్టాడు. మన లెక్కలో సుమారు ఆరు వేల కోట్ల రూపాయలు. హువాన్ సోటో 15 ఏళ్లకి 76 కోట్ల 50 లక్షల డాలర్లు. ఆ సోటోని కొన్న న్యూయార్క్ మెట్స్ 2025లో ప్లేఆఫ్స్‌కే రాలేదు. ఈ అంకెలు చెబితే అరుగు మీద ఎవరైనా ఒకటే అంటారు, "బంతి విసిరేవాడికి అంతా? అన్యాయం గాదూ?" నేనూ మొదట అదే అన్నాను. ఇప్పుడు అనను. ఆ డబ్బు ఆటగాడికి ఇవ్వకపోతే మన దాకా వస్తుందా? టిక్కెట్టు ధర తగ్గుతుందా? ఓనర్ జేబులో ఉంటుంది, అంతే. జనం వచ్చేది ఓనర్ని చూడ్డానికి కాదు.

పూర్వం అలాగే ఉండేది. 1975 దాకా ఒక ఆటగాడు ఒక జట్టుకి సంతకం పెడితే జీవితాంతం ఆ జట్టు సొత్తు. వాళ్లు ఇచ్చిందే జీతం, అమ్మితే అమ్ముడుపోవాలి. మన తాతల కాలంలో అప్పు కింద పాలేరు ఒకే కామందు దగ్గర ఉండిపోయినట్టు. 1969లో కర్ట్ ఫ్లడ్ అనే ఆటగాణ్ణి సెయింట్ లూయిస్ వాళ్లు చెప్పాపెట్టకుండా ఫిలడెల్ఫియాకి మార్చేశారు. "నేను సరుకుని కాదు" అని ఆయన ఎదురుతిరిగి కోర్టుకెక్కాడు. 1972లో సుప్రీంకోర్టులో ఓడిపోయాడు, ఆటా పోయింది. కానీ ఆయన తెరిచిన దారిలో యూనియన్ పట్టుబట్టింది, మూడేళ్లకి మధ్యవర్తి తీర్పుతో ఆ కట్టు తెగింది. ఇప్పుడైనా కుర్రాడు పైకొచ్చాక ఆరేళ్లు జట్టు చెప్పుచేతల్లోనే. మొదటి మూడేళ్లు దాదాపు కనీస జీతం, తర్వాత మూడేళ్లు బేరం కుదరకపోతే మధ్యవర్తి దగ్గరికి. ఆరేళ్ల తర్వాతే తన రేటు తను చెప్పుకునే హక్కు. ఆ కనీస జీతమే 2025లో 7 లక్షల 60 వేల డాలర్లు, అది కూడా యూనియన్ పుణ్యమే.

అంతమాత్రాన అందరికీ పండగే అనుకోకండి. 2023లో రేంజర్స్‌కి ఫైనల్ మొదటి మ్యాచ్ 11వ ఇన్నింగ్స్‌లో హోమ్ రన్ కొట్టి గెలిపించిన అడోలిస్ గార్సియా ఉన్నాడు. 2021 మొదట్లో వాణ్ణి ఎవరైనా తీసుకోండని వదిలితే మిగతా జట్లలో ఒక్కటీ ముట్టుకోలేదు. అలాంటివాడు కప్పు తెచ్చాడు. 2025 నవంబరులో అదే జట్టు మళ్లీ వదిలేసింది. ఫామ్ తగ్గింది, వయసు వచ్చింది. ఎద్దు ముసలిదైతే సంతకే అన్నట్టు.

నన్ను పట్టుకున్న సంగతి వేరే ఉంది. అక్కడ సంతకం పెట్టిన డబ్బు గ్యారంటీ. దెబ్బ తగిలినా, ఆడకపోయినా ఇవ్వాల్సిందే. జేకబ్ డిగ్రామ్‌ని రేంజర్స్ ఐదేళ్లకి 18 కోట్ల 50 లక్షల డాలర్లకి తెచ్చారు. 2023లో ఆరు మ్యాచ్‌లు మొదలుపెట్టాడు, మోచెయ్యి పోయింది, ఆపరేషన్. ఏడాదికి పైగా ఆట లేదు, జీతం ఆగలేదు. 2025లో 30 మ్యాచ్‌లు మొదలుపెట్టి మళ్లీ గొప్పగా వేశాడు. ఇంకోవైపు వాషింగ్టన్ వాళ్లు స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్‌కి 24 కోట్ల 50 లక్షలు రాసిచ్చారు, ఆ కాంట్రాక్టు మీద ఎనిమిది మ్యాచ్‌లే వేసి ఆటే మానేశాడు. నష్టం ఓనర్‌కి. అవును, ఓనర్‌కి నష్టమే. కానీ మోయగలిగినవాడు మోశాడు.

మన దగ్గర? నా కౌలు రెండెకరాలకి ఎకరాకి 25 బస్తాలు మాట. పండినా అంతే, పడిపోయినా అంతే. గాలి వచ్చింది అనేదానికి మన ఒప్పందంలో చోటే లేదు. అసలు ఒప్పందమే కాయితం మీద లేదు. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది, పదకొండు నెలల ఒప్పందం రాసుకుంటే కార్డు ఇస్తారు. ఆ కాయితం మీద భూమి గలాయన సంతకం కావాలి. సంతకం పెడితే భూమి మీద హక్కు వచ్చేస్తుందేమోనని ఆయన భయం. చట్టంలో అలా లేదు, అయినా భయం భయమే. కార్డు లేకపోతే లోను రాదు, నష్టపరిహారం రాసేటప్పుడు పేరు రాదు. చేను పడిపోయింది నాది, జాబితాలో పేరు ఇంకొకరిది. మంచి మనిషి గనక ఆయన కొంత తగ్గిస్తానన్నాడు. కొంత అంటే ఎంతో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

ఒతాని డబ్బులో ఇంకో కిటుకుంది. 70 కోట్లలో 68 కోట్లు తర్వాత తీసుకుంటానన్నాడు, 2034 నుంచి 2043 దాకా, వడ్డీ లేకుండా. ఇప్పుడు ఏడాదికి 20 లక్షల డాలర్లే. దాంతో జట్టుకి జీతాల పన్ను లెక్క తగ్గి, మిగతావాళ్లని కొనుక్కునే వీలు చిక్కింది. అంతకుముందు బాబీ బొనీయా అని ఒకడు, రావాల్సిన 59 లక్షల డాలర్లు ఆపుకుని 8 శాతం వడ్డీతో రాయించుకున్నాడు. 2011 నుంచి 2035 దాకా ప్రతి జులై 1న దాదాపు 12 లక్షల డాలర్లు వస్తూనే ఉంటాయి. జనం మెట్స్‌ని చూసి నవ్వుతారు. నాకు నవ్వు రాలేదు. చెరకు వేసిన రోజుల్లో ఒక మిల్లు, పేరెందుకులెండి, నా డబ్బు పదినెలలు ఆపింది. పధ్నాలుగు రోజుల్లో ఇవ్వకపోతే 15 శాతం వడ్డీ ఇవ్వాలని ఉత్తర్వు ఉంది. అడిగితే గుమాస్తా నన్ను చూసిన చూపు ఇంకా గుర్తే. ఆలస్యం అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. అక్కడ ఆలస్యానికి రేటు ముందే రాసుకుంటారు.

2026 డిసెంబరు 1తో ఆటగాళ్లకీ ఓనర్లకీ మధ్య ఒప్పందం ముగుస్తుంది. జీతాలకి గరిష్ఠ పరిమితి పెట్టాలని ఓనర్ల వైపు నుంచి మాట. డాడ్జర్స్ జీతాలు, పన్ను కలిపి 50 కోట్ల డాలర్లు దాటాయి, మయామీ అందులో ఐదో వంతు కూడా పెట్టలేదు, అందుకని సమానం చెయ్యాలంటారు. సమానం చెయ్యాలంటే తక్కువ పెట్టేవాడి చేత పెట్టించండి, ఎక్కువ ఇచ్చేవాడి చెయ్యి ఎందుకు పట్టుకుంటారు? ఈ పరిమితి గొడవ మీదే 1994లో ఆట ఆగిపోయి ఫైనల్ కూడా జరగలేదు. మళ్లీ ఆగినా నేను ఆటగాళ్ల వైపే. పొద్దున్నే ఫోన్‌లో చూడ్డానికి ఏమీ లేకపోతే పోనీ, గేదెకి ఇంకో మోపు గడ్డి ఎక్కువ పడుతుంది.

వచ్చే ఆదివారం మా భూమి గలాయన హైదరాబాద్ నుంచి వస్తున్నారు, వచ్చే ఏడాది కౌలు మాట్లాడాలి. ఇన్నేళ్లూ కాఫీ తాగి తలూపి వచ్చేవాణ్ణి. ఈసారి ఒక్క మాట కాయితం మీద పెట్టమని అడుగుతాను: తుపానుకి చేను పడిపోయిన ఏడాది బస్తాలు సగమే. మీలో ఎవరైనా అలా రాయించుకున్నవాళ్లు ఉంటే ఆ కాయితం ఎలా రాశారో శనివారం లోపల కాస్త ఫొటో తీసి పంపండి.